కానుగాకుల కుప్పలో దాగిన ఎండ

వనస్థలిపురంలో మేముండే వీధికి రెండు వైపులా కానుగ చెట్లు ఉన్నాయి. మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి అవి ఆకు రాల్చడం మొదలుపెడతాయి. పది పన్నెండు రోజుల్లో వీధంతా గోధుమరంగు ఆకులతో నిండిపోతుంది, ఆ వెనకే మెరిసే లేత చిగురు వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ వీధిలోనే ఉంటున్నాను, ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నాను. రాలిన ఆకులు ఏమవుతున్నాయని నిలబడి చూసింది మాత్రం మూడేళ్ళ క్రితమే. ఉదయం ఆరున్నరకు వాటిని ఊడ్చి, వీధి మూలన కుప్ప పోసి, అగ్గిపుల్ల గీసేవారు.

ఆ రోజు పొగ ఇంట్లోకి వచ్చి మా అత్తగారికి దగ్గు తెరలు తెరలుగా పట్టుకుంటే వీధిలోకి వెళ్ళాను. ఊడ్చే ఆమె నన్ను చూసి చీపురు పక్కన పెట్టి, "నేనేం జేద్దు మేడమ్, ఆకులుంటే పాములొస్తయట, కాలవెట్టుమన్నరు" అంది. ఆమె తప్పేమీ లేదు. చెత్తను బహిరంగంగా కాల్చకూడదని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటికీ వర్తించేలా ఆదేశించింది, కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని కూడా చెప్పింది. ఆ సంగతి కాల్చమన్నవారికి తరవాత చెప్పాను. అయితే ఆ ఉదయం నన్ను అక్కడే నిలిపివేసింది పొగ కాదు, మంట. పది అడుగుల దూరంలో నిలబడ్డా ముఖానికి సెగ తగులుతోంది. అంత వేడి ఒక్క అగ్గిపుల్లలోంచి రాదు. అది ఆకుల్లోనే ఉన్నది, ఏడాది పొడుగునా ఈ వీధి మీద కాసిన ఎండలోంచి ఆకులు పట్టి దాచుకున్నది.

బాగా ఎండిన ఆకులో గ్రాముకు నాలుగు కిలోకాలరీలకు పైనే శక్తి ఉంటుంది. బియ్యంలోనూ ఇంచుమించు అంతే. పది కిలోల ఆకుల కుప్ప అంటే 40,000 కిలోకాలరీలకు పై మాట. రోజుకు 2,000 చొప్పున లెక్క వేస్తే ఒక మనిషికి ఇరవై రోజుల భోజనంలో ఉండే శక్తి అది. మనం ఆకును అరిగించుకోలేము గనక అది మనకు చెత్తలా కనిపిస్తుంది. అరిగించుకోగలిగినవాటికి అది ధాన్యపు రాశి. ఆ రాశి మా వీధిలో ఏటా అరగంటలో బూడిదయ్యేది.

కాలడం, తినడం రసాయనికంగా ఒకటే పని. ఫ్రాన్సులో 1782-83 చలికాలంలో లావోజియే, లాప్లాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక గినీపందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. ఆ జంతువు విడిచిన వాయువును కొలిచి, అంతే వాయువును ఇచ్చేలా బొగ్గును మండిస్తే ఎంత మంచు కరుగుతుందో పోల్చి చూశారు. రెండూ దగ్గర దగ్గరగా వచ్చాయి. శ్వాస అంటే నెమ్మదిగా సాగే దహనమే అని వారు తేల్చారు. మా వీధి మూలన మండిన కుప్పకూ, అదే కుప్పను రెండేళ్ళ పాటు తినగల చెదపురుగులకూ, బూజుకూ, వానపాములకూ మొత్తం మీద విడుదలయ్యే వేడిలో తేడా లేదు. తేడా అంతా దారిలో ఉంది. మంటలో ఆ శక్తి ఎవరి ఒంటి గుండానూ పోకుండా ఒక్కసారిగా ఆకాశానికి వెళ్ళిపోతుంది. జీవుల్లో అయితే మెట్టు మెట్టున ఆగుతూ, ఆగిన ప్రతిచోటా ఒక ప్రాణిని కొన్నాళ్ళు నిలబెట్టి, ఆ తరవాతే వేడిగా మారి వెళుతుంది. ఆవరణ వ్యవస్థలో శక్తి ప్రవాహం అని మేము పాఠంలో చెప్పేది ఈ ప్రయాణాన్నే.

ప్రయాణం మొదట్లోనే పెద్ద నష్టం ఉంది. సూర్యుడి నుంచి వెలుతురు ఎనిమిది నిమిషాల పైచిలుకులో మన దాకా వస్తుంది గాని, అందులో సగం మాత్రమే పత్రహరితం వాడుకోగల తరంగదైర్ఘ్యాలలో ఉంటుంది. మిగిలినదానిలో కొంత ఆకు మీద పడి తిరిగి వెళుతుంది, కొంత ఆకును దాటిపోతుంది, కొంత ఆకును వేడెక్కించి నీటిని ఆవిరి చేయడంలో ఖర్చవుతుంది. చివరికి కిరణజన్య సంయోగక్రియ ద్వారా చక్కెరలో బంధించబడేది, పంట పొలాల్లోనైనా అడవుల్లోనైనా, పడిన ఎండలో సుమారు నూటికి ఒకటి. భూమి మీద చీమ నుంచి ఏనుగు దాకా బతుకుతున్న దాదాపు ప్రతి ప్రాణీ ఆ ఒక్క శాతం మీదే బతుకుతోంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ చూసి విసుక్కునే పిల్లలకు ఈ మాట చెబితే కాసేపు నిశ్శబ్దంగా ఉంటారు.

ఈ లెక్కలను ఒక చోట పూర్తిగా కట్టి చూపినవారిలో హోవర్డ్ ఓడమ్ అనే శాస్త్రవేత్త ఒకరు. అమెరికాలోని ఫ్లోరిడాలో సిల్వర్ స్ప్రింగ్స్ అనే తేట నీటి ఊట ఉంది. దాని మీద ఆయన చేసిన అధ్యయనం 1957లో వెలువడింది. అక్కడ ఏడాదికి చదరపు మీటరు మీద పడిన ఎండ దాదాపు 17,00,000 కిలోకాలరీలు. నీటి మొక్కలు, నాచు అందులోంచి పట్టుకున్నది 20,810. తమ శ్వాసకు వాడుకోగా వాటి ఒంట్లో మిగిలింది 8,833. శాకాహారులకు చేరింది 3,368, వాటిని తినే మాంసాహారులకు 383, ఆ పైనున్న పెద్ద చేపలకు 21. పదిహేడు లక్షలతో మొదలైన లెక్క నాలుగు మెట్లలో ఇరవై ఒకటికి వచ్చింది. పాఠ్యపుస్తకాలు ఈ వరుసను చూపించి, ఒక మెట్టులోని శక్తిలో సుమారు పదో వంతే పై మెట్టుకు చేరుతుందన్న పది శాతం నియమం చెప్పి ఆగిపోతాయి. కానీ అదే పట్టికలో పక్కన రాసి ఉన్న ఇంకొక అంకె నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. విచ్ఛిన్నకారులకు, అంటే చచ్చినదాన్నీ రాలినదాన్నీ విసర్జించినదాన్నీ తినే బాక్టీరియా, శిలీంధ్రాలు మొదలైనవాటికి, చేరింది 5,060. శాకాహారులు తిన్నదానికన్నా ఎక్కువ.

ఇంతకు పదిహేనేళ్ళ ముందే రేమండ్ లిండెమన్ అనే యువకుడు ఈ దారి వేశాడు. అమెరికాలోనే మినెసోటా రాష్ట్రంలో సెడార్ బాగ్ లేక్ అనే చిన్న సరస్సును ఏళ్ళ తరబడి పరిశీలించి, అందులోని జీవులను వాటి జాతి పేర్లతో కాక, సూర్యుడి నుంచి శక్తి వాటి దాకా రావడానికి ఎన్ని మెట్లు దిగిందో ఆ మెట్ల ప్రకారం వర్గీకరించాడు. పోషక స్థాయి అన్న భావన అలా స్థిరపడింది. ఆయన వ్యాసాన్ని మొదట పరిశీలించినవారు ప్రచురణకు తగదన్నారు. తన గురువు హచిన్సన్ పట్టుబట్టడంతో 1942లో అది అచ్చయింది, కానీ అచ్చులో చూసుకోకుండానే ఆ ఏడాది జూన్‌లో లిండెమన్ ఇరవై ఆరేళ్ళ వయసులో మరణించాడు. ఆ సరస్సు ఆహార సంబంధాలకు ఆయన గీసిన చిత్రంలో నడిమధ్య ఉన్నది పెద్ద చేప కాదు, అడుగున పేరుకున్న బురద. బాణాలన్నీ అందులోకి వస్తాయి, అందులోంచే మళ్ళీ బయలుదేరుతాయి. ఆ చిత్రాన్ని ప్రతి ఏడూ నల్లబల్ల మీద నేనే గీస్తాను.

మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో మహావీర్ హరిణ వనస్థలి ఉంది. దాని పేరే మా కాలనీకి వచ్చింది. దాదాపు 14.5 చదరపు కిలోమీటర్ల ఆ గడ్డినేలలో, తుమ్మ పొదల మధ్య కృష్ణజింకలు మేస్తాయి. ఒక జింక నూరు పాళ్ళ గడ్డి తిన్నదనుకుందాం. అందులో ఇంచుమించు సగం అరగక పెంటికలుగా బయటికి వస్తుంది. ఒంటికి పట్టిన సగంలోనూ నూటికి తొంభై ఏడు పాళ్ళు పరుగుకీ, నెమరుకీ, అన్నిటికన్నా ముఖ్యంగా ఒంటి వేడిని చలిలోనూ వానలోనూ ఒకేలా నిలుపుకోవడానికీ ఖర్చవుతాయి. కండగా, కొవ్వుగా, కూనగా మిగిలేది ఒకటిన్నర పాలు. పది శాతం అన్నది అన్ని జీవులనూ కలిపి చూసినప్పుడు వచ్చే సగటు మాత్రమే, వెచ్చని రక్తం గల ప్రాణి దాని దరిదాపులకు కూడా రాదు. అదే గడ్డిలో ఉన్న మిడత అయితే ఒంటికి పట్టినదానిలో సుమారు 40 శాతం దాకా తన శరీరంగా మార్చుకోగలదు, ఎందుకంటే ఒంటిని వెచ్చగా ఉంచుకునే బాధ్యత దానికి లేదు, ఆ పని ఎండ చేసిపెడుతుంది. దసరా నాడు మనం దర్శనం కోసం వెదికే పాలపిట్ట ఆ మిడతలను నమ్ముకుని బతికే పక్షి. మిడతలు లేని గడ్డి ఎంత పచ్చగా ఉన్నా దానికి ఆకలే.

మెట్లు పెరిగేకొద్దీ మిగిలేది ఎంత తక్కువో నల్లమలను చూస్తే అర్థమవుతుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం దాదాపు 2,611 చదరపు కిలోమీటర్లు. ఒక పులికి వారానికొకటి చొప్పున ఏడాదికి 50 పెద్ద జంతువులు కావాలి. మంద తరగకుండా ఉండాలంటే అందులో ఏటా పదో వంతుకు మించి పోకూడదు, అంటే ఒక్క పులి వెనుక 500 దుప్పులో కణుజులో ఉండాలి. పులులు తక్కువగా ఎందుకుంటాయన్న ప్రశ్నకు వేటగాళ్ళకన్నా ముందు ఈ కూడికా తీసివేతే జవాబు చెబుతుంది.

ఇక మెట్లెక్కని శక్తి సంగతి. అడవిలో ఆకులు తయారుచేసిన ఆహారంలో పచ్చిగా ఉండగా తినబడేది సాధారణంగా పదో వంతు కూడా ఉండదు. తొమ్మిది వంతులకు పైగా రాలి, ఎండి, విరిగి నేల మీదికి వస్తుంది. ఆకును విడిచే ముందు చెట్టు ఒక జాగ్రత్త తీసుకుంటుంది. అందులోని నత్రజనిలో, భాస్వరంలో చాలా భాగాన్ని కొమ్మలోకి వెనక్కి లాక్కుంటుంది, ఆ తరవాతే తొడిమ దగ్గర తెగుతుంది. కానుగ ఆకు పచ్చదనం పోయి పసుపెక్కడం ఈ ఇల్లు ఖాళీ చేసే పనిలో భాగమే. వెనక్కి తీసుకోనిది ఆకుకు గట్టిదనాన్నిచ్చే సెల్యులోజ్‌నూ లిగ్నిన్‌నూ, అంటే శక్తిలో అధిక భాగాన్ని. కాబట్టి రాలిన ఆకు విచిత్రమైన భోజనం. దానిలో బలం నిండుగా ఉంటుంది, కానీ మాంసకృత్తులు చాలా తక్కువ, తాళం చాలా గట్టిది. లిగ్నిన్ తాళాన్ని సమర్థంగా తీయగలిగేవి కొన్ని శిలీంధ్రాలు మాత్రమే.

ఆ తాళంచెవిని ఇంట్లోనే పెంచుకునేవి మన పుట్టల్లోని చెదపురుగులు. దక్కనులో మట్టి పుట్టలు కట్టే ఒడోంటోటెర్మిస్ జాతి చెదలు ఎండుటాకునూ పుల్లనూ కొరికి తెచ్చి, తమ పేడతో తేనెపట్టులాంటి అర్రలు కట్టి, వాటి మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని సాగుచేస్తాయి. అది లిగ్నిన్‌ను విరగ్గొట్టి మెత్తబరచిన తరవాత ఆ అర్రలనే తింటాయి. వానలు పడ్డాక ఆ శిలీంధ్రమే పుట్టలోంచి తెల్లని గొడుగులా పైకి వస్తుంది. పుట్టగొడుగు అన్న మాట పుట్టించినవారు ఈ సంబంధాన్ని కళ్ళారా చూసినవారే. సూక్ష్మదర్శిని లేని కాలంలో అంత కచ్చితమైన పేరు పెట్టిన భాష మాట్లాడుతున్నందుకు నాకు నిజంగా గర్వంగా ఉంటుంది.

రోహిణి ఎండలు ముగిసి మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడిన సాయంత్రం, వీధి దీపాల కింద ఉసిళ్ళు లేస్తాయి. అవి రెక్కలొచ్చిన చెదలే, కొత్త పుట్టలు పెట్టడానికి బయలుదేరిన రాజులూ రాణులూ. ఏడాది పాటు నేల కింద చీకట్లో పోగైన ఎండుటాకుల శక్తి, కొవ్వు నిండిన వేల శరీరాలుగా, ఒకే ఒక్క సాయంత్రం గాలిలోకి వస్తుంది. ఆ సాయంత్రం ఎవరు వస్తారో చూడడానికి నేను ఏటా మేడ మీద కూర్చుంటాను. చీకటి పడకముందు కాకులు, గోరింకలు, తీగల మీది నుంచి ఏట్రింతలు. పైన నల్లగద్దలు గుండ్రంగా తిరుగుతూ కాలితో పట్టుకుని గాలిలోనే నోట్లో పెట్టుకుంటాయి. చీకటి పడ్డాక గోడల మీద బల్లులు, దీపం కింద బోదురుకప్పలు, కరెంటు స్తంభం మీద ఒక చిన్న గుడ్లగూబ. నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో నా చిన్నప్పుడు నాయనమ్మ వాకిట్లో దీపం పెట్టి, దాని కింద నీళ్ళ తాంబాళం ఉంచేది. పడిన ఉసిళ్ళను తెల్లారి రెక్కలు చెరిగి, మూకుట్లో వేయించి, బొరుగుల్లో కలిపి పెట్టేది. అడవి నేల మీది ఎండుటాకు అలా నా ఒంట్లోకి కూడా వచ్చింది. ఎండ నుంచి ఆకుకు, ఆకు నుంచి బూజుకూ చెదకూ, అక్కడి నుంచి వాకిట్లో కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్లకు.

ఇదంతా తలచుకున్నాక ఆకులు కాల్చనివ్వలేకపోయాను. కాలనీ పార్కు వెనుక గోడవార నాలుగడుగుల వెడల్పున ఇటుకలు పేర్చి, కుప్ప అక్కడ పోయించాము. పాముల భయం చెప్పినవారితో, కుప్ప గోడకు ఆనకుండా పోస్తామని, వారానికోసారి కదిలిస్తామని ఒప్పందం చేసుకున్నాము. పాము ఇంతవరకు కనబడలేదు. వట్టి ఎండుటాకు కదలక మెదలక పడి ఉంటుంది కాబట్టి, కోసిన గడ్డీ కూరగాయల తొక్కలూ కలిపి, తడిపి ఉంచాము. నాలుగో రోజు నేను చెయ్యి పెట్టి చూసి వెంటనే తీసేశాను. కళాశాల ప్రయోగశాల నుంచి తెచ్చిన థర్మామీటరు గుచ్చితే 56 డిగ్రీలు చూపింది. డిసెంబరు ఉదయాల్లో కుప్పను కదిలిస్తే ఆవిరి లేస్తుంది. మా పిల్లలను తీసుకువెళ్ళి అందరి చేతా ఆ వేడిని తాకించాను. ప్రతి మెట్టులో శక్తి వేడిగా నష్టపోతుందని పదేళ్ళు నల్లబల్ల మీద రాసినా రాని అవగాహన ఆ అర నిమిషంలో వచ్చింది. ఒక అమ్మాయి మాత్రం అది నష్టం ఎలా అవుతుంది మేడమ్, ఆ వేడి వచ్చేటప్పుడే కదా అవి బతుకుతున్నాయి అంది. ఆ మాట నిజం. నష్టం అన్న పదాన్ని నేను ఇప్పుడు క్లాసులో వాడడం లేదు, ఖర్చు అంటున్నాను.

చెరువుల్లో ఈ లెక్క తలకిందులైనట్టు కనిపించే చోటు ఒకటుంది. నీటిలోని సూక్ష్మ శైవలాలను ఒక రోజు తూస్తే, వాటిని తినే చిన్న జంతువులకన్నా తక్కువ బరువు తూగవచ్చు. తక్కువ ఉన్నది ఎక్కువను ఎలా పోషిస్తుందని పిల్లలు అడుగుతారు. ఇరానీ హోటల్లో అల్మారాలో ఉన్న కప్పులు యాభై అనుకోండి, సాయంత్రానికి చాయ్ తాగి వెళ్ళినవారు వెయ్యిమంది. కప్పులు లెక్కపెడితే ఆ హోటల్ ఎంత చాయ్ పోసిందో తెలియదు. శైవలాలు రెండు మూడు రోజుల్లో రెట్టింపవుతాయి, తినబడతాయి, మళ్ళీ పెరుగుతాయి. ఒక్కో మెట్టులోని జీవుల బరువును కింది నుంచి పైకి పేర్చి గీసే పిరమిడ్ తలకిందులు కావచ్చు గాని, ఏడాది పొడుగునా ప్రవహించిన శక్తిని లెక్కిస్తే పిరమిడ్ ఎప్పుడూ నిటారుగానే నిలుస్తుంది. మురుగు చేరిన మన నగర చెరువుల్లో కష్టం వేరు. గుర్రపుడెక్క, నాచు విపరీతంగా పెరుగుతాయి, తినేవి వాటికి సరిపోవు, అంతా చచ్చి అడుగుకు చేరుతుంది. దాన్ని తినే బాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటే, చేపలు తెల్లవారుజామున పైకి తేలుతాయి. ఆ చెరువులో శక్తికి కొదవ లేదు, అది మెట్లెక్కే దారే మూసుకుపోయింది.

మొదటి ఏడాది ఛాతీ ఎత్తున పోసిన కుప్ప పద్నాలుగు నెలలకు మోకాలి దిగువకు వచ్చింది. మిగతాది ఎవరెత్తుకుపోయారని ఊడ్చే ఆమె అడిగింది. ఎవరూ ఎత్తుకుపోలేదని, అది గాలిలోకి బొగ్గుపులుసు వాయువుగానూ నీటి ఆవిరిగానూ వెళ్ళిందని, దానిలోని బలం వేడిగా మారి రాత్రిళ్ళు ఆకాశంలోకి పోయిందని చెప్పాను. వాయువు మళ్ళీ ఈ కానుగ ఆకుల్లోకి రావచ్చు, ఆ వేడి మాత్రం ఇక రాదు. ఆమె కాసేపు ఆలోచించి, "అయితె రేపటి ఎండనే దిక్కు" అని, బుట్టలో నల్లని ఎరువు నింపుకుని చెట్ల మొదళ్ళకు పోయడానికి వెళ్ళింది. ఈ ఫాల్గుణంలో పక్క వీధివారు కూడా ఆకులు పంపుతామన్నారు. రెండో మడికి ఇటుకలు ఆదివారం వస్తాయి.